వెనక్కి పంపినవాళ్లు

మార్కాపురంలో పలకలు కోసే వాడల్లో మధ్యాహ్నం రెండు దాటితే ఊరంతా ఒక కునుకు తీస్తుంది. మిషన్లు ఆగిపోతాయి. గాలిలోకి లేచిన రాతిపొడి మెల్లగా కిందికి దిగి వేపచెట్ల మీద, ఆరేసిన చీరల మీద, నీడన పడుకున్న కుక్కల మీద పలచగా పరుచుకుంటుంది. ఆ వేళప్పుడు ఆ సందుల్లో నడుస్తుంటే నా చెప్పుల చప్పుడే నాకు ఇంకెవరిదో అన్నట్టు దూరంగా వినపడేది. ఇప్పుడు ఆ నెలల్ని తలుచుకుంటే జరిగిందేదో, నేను కలగన్నదేదో విడదీసి చెప్పలేను. ఒక్కటి మాత్రం కల కాదు. వాటిలో ఒక సందు మొదట్లో వెదురుబొంగు అడ్డం కట్టి, మూతికి మాస్కు వేసుకుని, చావింటికి వచ్చిన మనుషుల్ని ఒక్కొక్కరినీ వెనక్కి పంపింది నేనే.

నేను ఆశా కార్యకర్తను. కరోనా రెండోసారి వచ్చిన ఎండాకాలంలో ఆ సందులో నాలుగో ఇంటాయన ఒంగోలు ఆసుపత్రిలో పోయాడు. పలకల ఫ్యాక్టరీలో కోత మిషను దగ్గర పనిచేసేవాడు. మనిషిని ఇంటికి తేలేదు, అక్కడే కాల్చేశారు. ఇంట్లో భార్యకు, కూతురికి ఇద్దరికీ అదే జబ్బు. ఆ గడప ఎవరూ తొక్కకూడదని పైనుంచి గట్టిగా చెప్పారు. మా వైపు పెళ్లికి పిలవకపోతే అలిగి రారు గానీ, చావుకు మాత్రం పిలవకుండానే వస్తారు. పదేళ్ల నుంచి మాటల్లేనివాడు కూడా వచ్చి అరుగు మీద కాసేపు కూర్చుని పోతాడు. దాన్నే పలకరింపు అంటాం. ఆ పలకరింపుకు వచ్చినవాళ్లందరినీ నేను బొంగు అవతలే ఆపాను.

ఆపడం తప్పని ఇప్పటికీ అనను. ఆ సందులో ఇంకెవరికీ అంటుకోలేదు. తప్పు వేరే ఉంది. వెనక్కి పోలేక అక్కడే నిలబడిన ప్రతి మనిషికీ, "మీరొచ్చారని నేను చెప్తాలే" అన్నాను. ఆ మాట పట్టుకుని వాళ్లు వెళ్లిపోయారు. నేను చెప్పలేదు. ముందు తీరిక లేక, తర్వాత నాకే జ్వరమొచ్చి, ఆ తర్వాత టీకాల పనిలో పడి మర్చిపోయాను. గుర్తొచ్చేసరికి మూడు నెలలు దాటింది. ఈపాటికి ఎవరో ఒకరు చెప్పే ఉంటారులే అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. సిగ్గుపడ్డ మనిషికి సాకులకేం కొదవ?

మూడేళ్లు గడిచాయి. జిల్లాను విడగొట్టారు, మార్కాపురం మళ్లీ ప్రకాశంలోనే మిగిలింది, మేము ఎప్పటిలాగే ప్రతి శిక్షణకూ బస్సెక్కి ఒంగోలు దాకా వేలాడుతూ పోతూనే ఉన్నాం. ఈసారి శిక్షణ దుఃఖం మీద అన్నారు. చావింటికి పోయి ఎలా మాట్లాడాలో చల్లటి గదిలో కూర్చోబెట్టి నేర్పుతారట. మా అవ్వ బతికుంటే పళ్లులేని నోరంతా తెరిచి నవ్వేది. నేనూ వెనక బెంచీలో చేరి నవ్వుకుందామనే పోయాను.

నేర్పడానికి వచ్చింది చిన్న వయసు డాక్టరమ్మ. మనసు జబ్బులు చూస్తుంది. ఎక్కడెక్కడో పరిశోధన చేసి తేల్చిన సంగతుల్ని తెలుగులో నాలుగు కాగితాల మీద వేయించి తెచ్చింది. పోయినవాళ్ల పేరు పలకండి, పేరు దాచకండి అని ఉంది అందులో. ధైర్యంగా ఉండు, అంతా రాత అనే మాటలు వద్దని ఉంది. ఏం మాట్లాడాలో తోచకపోతే ఊరికే కూర్చోండి, మౌనం కూడా తోడే అని ఉంది. చివర్లో ఇంకొకటి: లేచేముందు మళ్లీ ఏ రోజు వస్తారో చెప్పండి, చెప్పిన రోజుకు తప్పకుండా వెళ్లండి. పోయిన మనిషి తిరిగిరాని ఇంట్లో, వస్తానన్న మనిషి రావడం పెద్ద మందు అని ఆ డాక్టరమ్మ మెల్లగా అంది. వెనక బెంచీలో నా నవ్వు ఆగిపోయింది. చెప్తానన్న మాట చెప్పని మనిషిని నేను.

వెళ్లాల్సిన ఇళ్లను మేమే ఎంచుకోవాలి. నాకు ఎంచుకునే పని పడలేదు. ఆ నాలుగో ఇంటి అమ్మాయి కుళాయి దగ్గర బిందె దించి నన్ను ఆపింది. "పిన్నమ్మా, మాయమ్మ గడప దాటి మూడేళ్లయింది. నీళ్లు నేనే, అంగడి నేనే. నాయన పోయినాక ఎవురింటికీ పోదు, ఎవుర్నీ రానీదు. రేపు నాకు నర్సింగులో సీటొస్తే ఈమెను ఎవురికి అప్పజెప్పి పోవాల?" అంది. ఆ పిల్ల మొహంలోకి చూడలేక బిందెలోకి చూశాను.

మొదటిసారి వెళ్లింది ఒక బుధవారం. అక్క, నేను ఆమెను అక్కా అనే పిలుస్తాను, నడవలో చాప మీద కూర్చుని పలకలకు చెక్క చట్రాలు బిగిస్తోంది. ఫ్యాక్టరీవాళ్లే పలకలు ఇంటికి తెచ్చి పడేసి, బిగించినవి తీసుకుపోతారు. పెంకుల మధ్య పెట్టిన అద్దంలోంచి ఎండ చాప మీద చదరంగా పడుతోంది. చిన్న సుత్తి టక్ టక్‌మని ఆగి ఆగి మోగుతోంది. ఎంతసేపు కూర్చున్నానో తెలియదు. కాగితంలో ఉన్నట్టే ఆయన పేరు పలికాను. పేరు పెట్టి, అన్న పోయాక నిద్ర పడుతోందా అక్కా అని అడిగాను.

సుత్తి ఆగింది. మా వైపు పెళ్లాం మొగుడి పేరు పలకదు. కూతురు నాయన అంటుంది. ఆ పేరు పలికేవాళ్లంతా బయటి మనుషులే, వాళ్లేమో ఆ ఇంటికి రావడం లేదు.

"ఆ పేరు ఈ ఇంట్లో ఇనపడి ఎన్నాళ్లయిందో" అంది. ఇంకోసారి పలకమన్నట్టు నా వైపు చూసింది. పలికాను. కళ్లు మూసుకుని వింది. చదువుకున్నవాళ్లు చెప్పిన మాట పనిచేసిందని నాకు ఎంత సంతోషం కలిగిందో! ఆ సంతోషంలోనే లేచి, చీర దులుపుకుని, కాగితంలో చివరి మాట కూడా అప్పజెప్పాను. "అక్కా, మళ్లీ బుధవారం వస్తా."

ఆమె చేతిలో పలక చాప మీద పడింది.

"ఏమన్నావ్? చావింట్లో నిలబడి మళ్లీ వస్తానంటావా? ఇంకా ఎవురు పోవాల ఈ ఇంట్లో? నా బిడ్డ పోవాల్నా?"

చావింటి నుంచి వచ్చేటప్పుడు వెళ్లొస్తానని అనకూడదు. మళ్లీ రావడమంటే మళ్లీ ఇలాంటి పని మీదే రావడం. అందుకే పలకరించి, మాట్లాడకుండా లేచి వచ్చేస్తాం. ఇది మా ఊళ్లో అయిదేళ్ల పిల్లకు కూడా తెలుసు, నాకు తెలియకపోవడమేంటి? తెలిసీ అన్నాను. మూడేళ్లు దాటింది కదా, ఇంకా చావిల్లేమిటి అనుకున్నాను. అదే మాట పైకి కూడా అన్నాను.

"మూడేళ్లా? ఎవురొచ్చినారని మూడేళ్లు? పలకరింపే కాలా ఈ ఇంటికి. ఒక్క మనిషి రాలా. ఒక్కరు వచ్చి అయ్యో అన్నోళ్లు లేరు. ఇది ఈ పొద్దుటికీ చావిల్లే మే" అంది.

అప్పుడు అర్థమైంది నాకు, ఆమెకు ఎవరూ చెప్పలేదని. చెప్పడానికి ఆ రోజుల్లో ఇంట్లో ఫోను కూడా లేదు. ఉన్న ఒక్క ఫోనూ ఆయనతో ఆసుపత్రికి పోయి తిరిగి రాలేదు. వచ్చి వెనక్కి పోయినవాళ్లు నేను చెప్పానని అనుకున్నారు. దినాలు దాటాక పలకరింపుకు పోతే ఇంకో చావు మోసుకుపోయినట్టని మళ్లీ రాలేదు. అంత దుఃఖంలోనూ మేము వచ్చామన్న సంగతి పట్టించుకోలేదే అని కొందరు నొచ్చుకునీ ఉంటారు. వాళ్లలో వాళ్లు, ఈమెలో ఈమె. మధ్యలో తాళం వేసి తాళంచెవి నా కొంగున కట్టుకున్నాను. ఆ మాట అప్పుడే అనేయాల్సింది. అనలేదు, మాట్లాడకుండా వచ్చేశాను. చావింటి మర్యాద ప్రకారం అదే సరైన పద్ధతి కూడా.

నెలాఖరు సమావేశంలో, మళ్లీ వస్తానని నోరు జారిన సంగతి చెప్పాను. డాక్టరమ్మ కోప్పడుతుందనుకున్నాను. ఆమె పెన్ను తీసి రాసుకుంది. "ఇది మా కాగితాల్లో లేదు. మీరు చెప్తేనే మాకు తెలియాలి" అంది. మళ్లీ వస్తారన్న నమ్మకం ఆ ఇంటికి కలగాలి, అంతేగానీ ఆ మాటే అనాలని లేదు కదా, మీ ఊరి పద్ధతిలో ఎలా చేస్తారో మీరే చెప్పండి అంది. అందరం ఆలోచించాం. ఇంట్లో ఏమీ అనకుండా లేచి వచ్చి, సందు దాటాక ఎదురొచ్చిన ఆ ఇంటిమనిషితో మళ్లీ మాకు ఎప్పుడు తీరికవుతుందో మాటల మధ్యలో అనేయడం అని తేల్చుకున్నాం. రోడ్డు మీద అన్న మాటకు దోషం లేదు. కాగితం మీద ఆ వరస కొట్టేసి, పక్కన చేత్తో రాసుకున్నాం.

అలా బుధవారం బుధవారం వెళ్లాను. కూతురితో కుళాయి దగ్గర అనేదాన్ని, అక్క తలుపు తీసి ఉంచేది. ఆ మధ్యాహ్నాలు నాకు నిద్రలో నడిచినట్టే గుర్తున్నాయి. ఎండ చదరం చాప మీద నుంచి గోడ మీదికి పాకేది. మార్కాపురం రోడ్డు రైల్వేస్టేషను వైపు నుంచి రైలు కూత ఒక్కోసారి గాలివాటున వినపడీ వినపడనట్టు వచ్చేది. అక్క ఆయన కబుర్లు చెప్పేది. జీతం రోజున కారపు బొరుగులు పొట్లం కట్టించుకొచ్చేవాడట, సగం దారిలో తినేసి సగం తెచ్చేవాడట. చెప్తూ చెప్తూ కునికేది. నేనూ కునికేదాన్ని. లేచి చూస్తే ఇద్దరి జుట్టు మీదా రాతిపొడి. శిక్షణలో అడగమని ఇచ్చిన ప్రశ్నల కాగితం సంచిలోనే మడతలు పడి చిరిగింది.

ఒక బుధవారం ఆమె పొయ్యి సంగతి చెప్పింది. చావింట్లో పొయ్యి ముట్టించరు. చుట్టాలే వండుకుని తెచ్చి పెడతారు, ఒద్దన్నా నోట్లో పెడతారు. "ఒంటి మీద జొరం, మనిషి పోయినాడు. బువ్వ తెచ్చేవాళ్లు లేక నా పొయ్యి నేనే ముట్టించినా మే. మూడో రోజు పిల్ల ఆకలని ఏడిస్తే లేచి గంజి కాచినా. చావింట్లో నా చేత్తో నేను" అంది. ఏడవలేదు. చట్రానికి మేకు కొట్టింది.

నేను ఊరుకున్నాను. కాగితం ఊరికే కూర్చోమంది కదా, మౌనం కూడా తోడే అంది కదా. ఆ మాట చాటున నక్కి కూర్చోవడం నాకు ఎంత సుఖంగా ఉండిందో చెబితే మీరు ఛీ అంటారు. బయటికి వచ్చాక నాకే అసహ్యం వేసింది. అది తోడుండే మౌనం కాదు, దొంగ మౌనం.

డాక్టరమ్మకు ఫోను చేసి మొత్తం చెప్పాను.  ఆమె ఒకటే అడిగింది. "చెబితే ఎవరి బరువు తగ్గుతుంది? ఆమెదా, మీదా? అది తేల్చుకుని వెళ్లండి."

రెండు రోజులు తేల్చుకోలేకపోయాను. నా బరువు తగ్గుతుందనే ఆశ లేదంటే అబద్ధం. కానీ ఆ సమాచారం నాది కాదు, ఆమెది. ఆమె సొత్తు నేను మూడేళ్లుగా దాచుకున్నాను. నాకు దక్కేది తిట్లయినా సరే, ఎవరిది వాళ్లకు ఇచ్చేయాలి.

మూడో రోజు, బుధవారం కాకపోయినా, వెళ్లి చాప మీద కూర్చుని చెప్పేశాను. "అక్కా, ఎవురూ రాలేదనుకుంటున్నావు. వచ్చినారు. సందు మొదట్లో నేనే ఆపినా. మీరొచ్చినారని చెప్తానని అందరికీ మాటిచ్చినా. నీకు చెప్పలా."

ఆమె కాసేపు నా వైపు చూసింది, నిద్రలోంచి లేపితే చూసినట్టు. తర్వాత సుత్తి తీసి దూరంగా విసిరింది. నన్ను కాదు, గోడను కొట్టింది.

"ఎంత పని చేసినావే! మూడేళ్లు నేను వాళ్లందర్నీ తిట్టుకున్నా. మనుషులేనా వీళ్లు అని తిట్టుకున్నా. ఇంట్లోకి వచ్చి నా నీళ్లు తాగి, నా పక్కన కునుకులు తీసినావే నువ్వు!" నేను తల వంచుకున్నాను. పొమ్మంటుందని చూశాను. పొమ్మనలేదు. ఊపిరి సర్దుకుని, "నిన్ను నేను మన్నించేది లేదు, తెలుసుకో. ఇప్పుడు చెప్పు. ఎవురెవురొచ్చినారు?" అంది.

చెప్పాను. ఆ మొహాలు నాకు ఒక్కటీ మరుపు లేదు. కోత మిషను దగ్గర ఆయనతో పనిచేసిన నలుగురు వచ్చారు, చేతులు కూడా కడుక్కోకుండా. టీ దుకాణం భాయ్ మూడు పూటలు వచ్చాడు, మూడోసారి బొంగు పట్టుకుని ఏడ్చాడు. ఎదురు సందులో ముసలామె, అక్కతో గోడ తగువు ఉన్నామె, టిఫిను గిన్నెతో వచ్చి, ఆపితే నన్ను బండబూతులు తిట్టి పోయింది. ఒక్కొక్కరి దగ్గరా అక్క "ఇంకా?" అంటోంది. గోడ తగువామె పేరు చెప్పినప్పుడు "అదీ వచ్చిందా!" అని నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. హనుమంతునిపాడు నుంచి ఆమె చెల్లెలు, మరిది వచ్చారు. కురిచేడు నుంచి ఒక పెద్దాయన టీవీఎస్ బండి మీద, వెనక నాలుగు గిన్నెల క్యారియరు కట్టుకుని వచ్చాడు. అంత ఎండలో తలకు తువ్వాలు చుట్టుకుని సాయంత్రం దాకా చింతచెట్టు కింద కూర్చుని, ఆ తర్వాత కదిలాడు.

అక్క "ఇంకా?" అనలేదు.

"ఆయన మా మేనమామ. నన్ను పెళ్లిపీటల మీదికి ఎత్తుకుని తెచ్చింది ఆయనే." ముందున్న పలకను పక్కకు జరిపింది. "పోయిన సంవత్సరం పోయినాడు మే. కబురొచ్చింది. నా మొగుడు పోతే రానోడికి నేనెందుకు పోవాల అని పోలా. పిల్లను కూడా పోనీలా."

 ఇది నాకు తెలియదు. మాట చెప్పకపోతే ఒక మనిషి నొచ్చుకుంటుందనుకున్నాను, అంతే. ఆమె అప్పుడు ఏడ్చింది. పోయిన మొగుడి కోసం, పోయిన మామ కోసం, తిట్టుకున్న అందరి కోసం కలిపి ఒక్కసారే ఏడ్చింది. నేను పక్కనే ఉన్నాను, దాక్కోలేదు.

మర్నాడు పొద్దున ఆమె కూతురు నా ఇంటి ముందు నిలబడింది. "పిన్నమ్మా, మాయమ్మ చీర మార్చుకుని కూసోనుంది. నిన్ను పిలవమంటాంది." వెళ్లేసరికి అక్క గడప బయట రోడ్డు మీద ఉంది. చెప్పులు కొత్తవాటిలా కనపడ్డాయి, మూడేళ్లు తొడగని చెప్పులు. "పద. కురిచేడు పోవాల. మా అత్తకు నువ్వే చెప్పాల, నేను చెప్పను" అంది.

ప్యాసింజరులో ముగ్గురం ఎక్కాం. కిటికీ దగ్గర అక్క, కొంగు తల మీద కప్పుకుని. కంది చేలు, రాళ్లగుట్టలు, ఎండిన వాగులు, దూరంగా నీలంగా కొండలు. అన్నీ తేలుతూ వెనక్కి పోతున్నాయి. అదేదో దేశం చూస్తున్నట్టు చూసింది. ఆ గంటన్నర నాకు ఇప్పటికీ కలలోకి వస్తుంది. రైలు ఎప్పటికీ ఆగకపోతే బాగుండునని మొక్కుకున్నాను. ఆగింది.

మేనమామ ఇంటి మెట్ల దగ్గర అక్క నన్ను ముందుకు తోసింది. తలుపు తీసిన ముసలామె, ఆ మేనమామ భార్య, అక్కకు అత్త, చూపు ఆనక కళ్లు చికిలించింది. నేను చేతులు కట్టుకుని చెప్పాను. "పెద్దమ్మా, ఆ పొద్దు పెద్దాయన్ను సందు మొదట్లో ఆపింది నేనే. ఆయన వచ్చిన సంగతి ఈమెకు చెప్తానని మాటిచ్చినా. చెప్పలా. అందుకే ఈమె రాలా."

ముసలామె నన్ను కోప్పడలేదు. ఆశ్చర్యపోయినట్టు నిలబడి, నాతో కాదు, మేనకోడలితో అంది.

"చెప్పలా? అయ్యో, ఆయన పోయే పొద్దు దాకా అదే అన్నాడే. 'పిల్లకు కోపమేం లేదులే, నేనొచ్చినానని తెలుసులే. ఆ మూతికి గుడ్డ కట్టుకున్న పిల్ల చెప్తానంది. మంచి పిల్ల. చెప్పే ఉంటాది' అన్నాడే."

అక్క తిట్లు ఓర్చుకున్నాను. విసిరిన సుత్తి ఓర్చుకున్నాను. ఆ ముసలాయన నమ్మకాన్ని మాత్రం ఓర్చుకోలేకపోయాను. మెట్ల మీదే కూలబడి, ఎవరి ఇల్లో ఎవరి చావో అని కూడా చూడకుండా గట్టిగా ఏడ్చాను. లోపల అత్తాకోడళ్లు ఒకరినొకరు పట్టుకుని ఏడుస్తున్నారు. చాలాసేపటికి అక్క బయటికి వచ్చి, నా పక్కన మెట్టు మీద ఊరికే కూర్చుంది.